జ్వరమొక్కటే, నెత్తురు వేరు



ఈ సంచికకు మీ ఊరి చరిత్ర వ్రాసి ఇవ్వండి అని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగినారు. మేము పదవ తరగతితో చదువు చాలించి రైల్వే గుమాస్తా పనిలో చేరినవారము. శాసనాలు చదవడం, రాజుల వంశావళులు తేల్చడం మాకు చేతకాదు. అందుచేత రాజుల సంగతి పెద్దలకు విడిచిపెట్టి, మా యానాంలో ప్రతి ఇంటికీ తెలిసిన ఒక సంగతిని ఎత్తుకుంటున్నాము. అది చలిజ్వరం, అనగా మలేరియా. ఒకే ఇంట్లో ఒకే చాపమీద పడుకున్న ఇద్దరు పిల్లలకు ఒకే జ్వరం వస్తుంది. ఒకడు వారానికి లేచి గోలీలాడుకుంటాడు. రెండవవాడు చేతికి దక్కడు. ఎందుచేత? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన కథలో మన తెలుగునాటికి, అందులోనూ మా గోదావరి తీరానికి, చాలామందికి తెలియని సంబంధం ఉన్నది. మా ఇంటికి కూడా ఉన్నది.

యానాం ఎరుగనివారికి నాలుగు మాటలు. గౌతమీ గోదావరి సముద్రంలో కలియబోయే ముందు దాని నుండి కోరంగి పాయ చీలే చోట ఉన్న చిన్న ఊరు మాది. చుట్టూ ఆంధ్రదేశమే అయినా మా ఊరు మాత్రం 1954 వరకు ఫరాసువారి ఏలుబడిలో ఉండినది. ఆ సంవత్సరం నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తి అయినది. చుట్టుపక్కల బ్రిటిషు ఇలాకాలో శారదా చట్టం వచ్చినప్పుడు, చిన్నపిల్లలకు పెళ్లి చేయదలచినవారు మా ఊరికి పరుగెత్తుకొని వచ్చేవారట. అందుకే కల్యాణపురమన్న పేరు కూడా మా ఊరికి ఉన్నది. కాలువలు, వరిచేలు, మడ అడవులు, వర్షాకాలంలో గుమ్మం దాకా నీళ్లు. ఇన్ని నీళ్లున్న చోట దోమకు కొదవేమిటి?

మా అమ్మమ్మకు చివరి కొడుకొకడు ఉండేవాడు. 1976లో, అయిదో ఏట, పోయినాడు. మంగళవారం సంతనాడు చలిజ్వరం వచ్చినది. అక్కకూ తమ్ముడికీ ఒకేసారి వచ్చినది. ఆ అక్కే మా అమ్మ. ఇద్దరికీ అవే మాత్రలు మింగించినారు. మా అమ్మ వారం తిరిగేసరికి బడికి పోయినది. తమ్ముడికి మాత్రం కళ్లు పచ్చబడినవి, మూత్రం నల్లగా దిగినది, ఆదివారానికి లేడు. మా పెద్ద మేనమామ ఆ రోజులలో కాకినాడలో హాస్టలులో ఉండి చదువుకుంటున్నాడు గనుక ఆయనకు ఆ జ్వరమూ రాలేదు, ఆ మాత్రలూ పడలేదు. మేము చిన్నతనంలో అడిగినప్పుడల్లా అమ్మమ్మ ఒకే మాట అనేది: "వాడి నెత్తురు వేరురా నాయనా." అది గ్రహచారాన్ని తలచుకొని అన్న మాట అని మేము అనుకునేవారము.

పురుగును కనిపెట్టినది, దోమను పట్టినది

మలేరియా అంటే చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుండి లేచే దుర్గంధం వలన ఈ జ్వరం వస్తుందని ఒకప్పుడు ఐరోపా వైద్యులు కూడా నమ్మినారు. ఆ నమ్మకాన్ని మొదట కదిలించినవాడు ఫరాసు సైన్యంలోని వైద్యుడు, అల్ఫోన్స్ లావెరాన్. అల్జీరియా దేశంలో కాన్‌స్టాంటిన్ పట్టణపు సైనిక ఆసుపత్రిలో 1880 నవంబరు 6న ఒక సిపాయి నెత్తురును సూక్ష్మదర్శినిలో చూస్తూ ఉండగా, అందులో కదులుతున్న ప్రాణి కనబడినది. జ్వరానికి మూలం గాలి కాదు, నెత్తురులో కాపురముండే పరాన్నజీవి అని ఆయన చెప్పినాడు. ఆనాటికి మా యానాం కూడా ఆ ఫరాసు జెండా క్రిందనే ఉన్నది. 1907లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది.

ఆ ప్రాణి దోమ కడుపులో పెరుగుతుందని తేలినది మాత్రం మన తెలుగునేల మీదనే. సికిందరాబాదు బేగంపేటలో బ్రిటిషు సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పించి, కుట్టిన దోమకొక అణా చొప్పున ఇచ్చినాడు. 1897 ఆగస్టు 20న అట్టి దోమ ఒకదాని కడుపు కోసి చూడగా, పొట్ట గోడలో మలేరియా జీవి పెరుగుతూ కనబడినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చినది. ఏటేటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతున్నది ఈ సంగతిని బట్టియే.

పురుగు తెలిసినది, దోమ తెలిసినది. స్వతంత్రం వచ్చిన నాటికి మన దేశంలో సంవత్సరానికి సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చి ఎనిమిది లక్షలమంది పోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం వచ్చినది. ఇంటింటా డి.డి.టి. చల్లినారు. 1960వ దశాబ్దం నడుమకు కేసులు లక్ష దరిదాపుకు దిగినవి. పీడ వదిలిందనుకున్నంతలో తిరగబెట్టి 1976లో 64 లక్షలకు పెరిగినవి. అమ్మమ్మ కొడుకు పోయిన ఏడు అదే. దేశపు లెక్కలో అది ఒక అంకె, మా ఇంట్లో అది ఒక ఖాళీ ఉయ్యాల.

ఇంత తెలిసినా, ఒకే దోమ కాటు ఒకడిని ఎందుకు చంపుతుంది, ఒకడిని ఎందుకు వదులుతుంది అన్నది మాత్రం లావెరాన్ చెప్పలేదు, రాస్ చెప్పలేదు. దానికి నెత్తురు వైపు నుండి చూడగల మనిషి కావలసి వచ్చినాడు.

నెత్తురులోని జవాబు

ఆ మనిషి పేరు జె. బి. ఎస్. హాల్డేన్. ఆయన ఆంగ్లేయుడు. 1892లో ఆక్స్‌ఫర్డులో పుట్టి, తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు ఎట్లా వస్తాయో లెక్కకట్టి చెప్పే జన్యుశాస్త్రంలో మహా పండితుడైనాడు. మధ్యధరా సముద్ర తీరాలలో థలసీమియా అనే రక్తలోపం ఉన్నది. అది తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు, రెండూ కలిసి వచ్చిన పిల్లలు బ్రతకడం కష్టం. అట్లా పిల్లలు పోతూ ఉంటే ఆ లోపం తరతరాలకూ తగ్గిపోవలె గదా? తగ్గలేదు. 1948, 49 సంవత్సరాలలో హాల్డేన్ ఒక ఊహ చెప్పినాడు. లోపం ఒక్క పాలు మాత్రమే ఉన్నవారిని మలేరియా అంతగా చంపలేకపోతున్నదేమో, అందుచేతనే ఆ లోపం నిలిచి ఉన్నదేమో అన్నాడు.

ఆ ఊహకు గట్టి సాక్ష్యం 1954లో వచ్చినది. కెన్యాలో పెరిగిన ఆంథొనీ ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికా పిల్లలను పరీక్షించి, కొడవలి కణపు లక్షణం, అనగా సికిల్ సెల్, ఒక పాలు ఉన్న పిల్లలకు మలేరియా నుండి రక్షణ ఉన్నదని చూపినాడు. ఈ లోపంలో గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణం కొడవలివలె వంగుతుంది. రెండు పాళ్లూ వచ్చిన బిడ్డకు ఒళ్లంతా నొప్పులు, రక్తహీనత, జీవితమంతా బాధ. ఒక్క పాలే వచ్చిన బిడ్డకు సామాన్యంగా ఏ ఇబ్బందీ ఉండదు, పైగా మలేరియా వచ్చినా ప్రాణం మీదికి రావడం బాగా తగ్గుతుంది.

ఆ తరువాత అరవై ఏండ్లకు, 2014లో, ఆఫ్రికా, ఆసియా, ఓషియానియాలలో 12 చోట్ల సుమారు 11,900 మంది తీవ్ర మలేరియా రోగులను పరిశీలించిన పెద్ద పరిశోధన ఒకటి వెలువడినది. అందులో ఎక్కువమంది పిల్లలే. కొడవలి కణపు రక్షణ నిజమని మరల తేలినది. ఓ గ్రూపు రక్తం వారికి కూడా కొంత మేలు ఉన్నదని తేలినది. జి-6-పి-డి అనే మరొక లోపం సంగతి మాత్రం విచిత్రంగా ఉన్నది. అది మెదడుకు ఎక్కే మలేరియాను తగ్గిస్తున్నట్లు, కాని మలేరియాతో వచ్చే తీవ్ర రక్తహీనతను పెంచుతున్నట్లు కనబడినది. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకున్నట్లు. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వూ బెల్లమూ ఒకే ముద్దలో ఉన్నట్లే, ఈ జన్యువులలో కూడా చేదూ తీపీ విడదీయరానివి.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోరాదు. 1952లోనే నీలగిరి కొండజాతులలో కొడవలి కణం ఉన్నట్లు కనుగొన్నారు. మన గోదావరి ఏజెన్సీ కోయలలోనూ ఉన్నది. 1879లో రంప పితూరీని అణచడానికి వెళ్లిన సైన్యం మన్యం జ్వరానికి పడిపోయినదని చరిత్ర. అక్కడి పెద్దవారు తట్టుకున్నారంటే చిన్ననాటి నుండి ఆ జ్వరాన్ని పదేపదే పడి లేచి నిలిచినందువలన కొంత, నెత్తురులోని తేడా వలన కొంత. అట్లు నిలిచే లోపల ఎందరు పిల్లలను పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క వ్రాయలేదు. 2023 జూలై 1న మన ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ పథకం ప్రారంభించి, గిరిజన ప్రాంతాలలో నెత్తురు పరీక్షలు చేయిస్తున్నది.

ఊరు విడిచినవారి వెంట వారి నెత్తురు కూడా వస్తుంది. మా యానాం నుండి 1828లోనే కూలీలు ఓడనెక్కి, నేడు రెయూనియన్ అని పిలిచే ఫరాసు దీవికి పోయినారు. మా పక్కనున్న కోరంగి రేవు నుండి తెలుగువారు మారిషసుకు, బర్మాకు పోయి, ఆ రేవు పేరనే కోరంగీలు అనిపించుకున్నారు. అప్పటివరకు మలేరియా ఎరుగని మారిషసులో 1866-68 నడుమ ఆ జ్వరం విరుచుకుపడి వేలాదిమంది చనిపోయినారు. దోమ విషయం చూచి సలహా చెప్పడానికి 1907లో రాస్ దొర స్వయంగా ఆ దీవికి వెళ్లినాడు. నేడు అక్కడి తెలుగు సంతతివారు ఉగాది జరుపుకుంటున్నారు, ఆ దేశంలో ఆ రోజు సెలవు.

మా ఇంటి సంగతి

ఇక మా సంగతి. 2022 వర్షాకాలం. మేము ఉద్యోగరీత్యా ఖరగ్‌పూర్‌లో ఉన్నాము. ఏడేండ్ల మా అబ్బాయికి చలిజ్వరం వచ్చినది. నెత్తురు పరీక్షలో వైవాక్స్ మలేరియా అన్నారు. ఇది కాలేయంలో దాగి ఉండి నెలల తరువాత తిరగబెట్టే రకము. దాన్ని వేళ్లతో పెరికివేయడానికి ప్రిమాక్విన్ మాత్రలు 14 రోజులు ఇస్తారు. మూడవనాడు పిల్లవాడి మూత్రం పాలు పోయని టీ రంగులో దిగినది. పెదవులు తెల్లబోయినవి. మా అమ్మ, ఆ సమయంలో మా ఇంట్లోనే ఉన్నది, చూచి గోడకు చేరబడి కూర్చుండిపోయినది. "మళ్లీ అదేరా" అన్నది. అంతకు మించి మాట రాలేదు.

ఆసుపత్రికి పరుగెత్తినాము. మాత్ర ఆపించినారు, నెత్తురు ఎక్కించినారు. అయిదు రోజులకు పిల్లవాడు కోలుకున్నాడు. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పినది. మన ఎర్రకణాలను కొన్ని మందుల దెబ్బనుండి కాపాడే ఎంజైము ఒకటి ఉన్నది, దాని పేరే జి-6-పి-డి. అది తక్కువగా ఉన్నవారు మామూలు రోజులలో అందరివలెనే ఉంటారు. ప్రిమాక్విన్ వంటి మందు పడినప్పుడు మాత్రం కణాలు చితికిపోయి రంగు మూత్రంలో దిగుతుంది. కొరియా యుద్ధం నుండి తిరిగి వచ్చిన అమెరికా సిపాయిలకు ఈ మందు ఇచ్చిన రోజులలో కొందరికి ఇట్లే అయినది. లోపం ఎక్కడున్నదో 1956లో షికాగోలో కనిపెట్టినారు. "ఇప్పుడే పరీక్ష చేస్తే సరిగా తేలకపోవచ్చు. పాతకణాలు పోయి కొత్తవి వచ్చినవి గదా, కొత్తవాటిలో ఎంజైము కొంచెం ఎక్కువే కనబడుతుంది. మూడు నెలలు పోయాక రండి" అన్నది. మూడు నెలలకు పరీక్షించగా లోపం ఉన్నట్లే తేలినది.

ఈ లోపం ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఎక్స్ ఒకటే, అదీ తల్లినుండి వచ్చేదే. ఆ మాట వినగానే మా ఇంట్లో గాలి మారినది. మా అమ్మ నోరు జారి "నీ పుట్టింటి నెత్తురే పిల్లాడి మీదకి తెచ్చావు తల్లీ" అన్నది. మా ఇంటావిడ ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మాది మేనరికం. మా ఇంటావిడ మా మేనమామ కూతురే. ఆమె పుట్టిల్లే మా అమ్మ పుట్టిల్లు. కోపంలో మా అమ్మకు అది తోచలేదు. సెలవులకు వెళ్లినప్పుడు మామయ్యగారికి కాకినాడలో పరీక్ష చేయించినాము. ఆయనకూ లోపమే. అరవై ఏండ్లు దాటేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు. ఆయనకు ఎక్స్ వచ్చినది వారి తల్లినుండి, అనగా మా అమ్మమ్మ నుండి. 1976లో పోయిన చిన్న మామయ్య సంగతి ఇదేనా అంటే నిశ్చయంగా చెప్పగలవారు లేరు, పరీక్షించడానికి ఏమీ మిగలలేదు. కాని ఆ కాగితం చదివి వినిపించినప్పుడు మా అమ్మ చాలాసేపు ఊరుకొని, కోడలి దగ్గరకు పోయి, "మన ఇంటిదేనమ్మా, నాది కూడానేమో" అన్నది. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

డెంగీ మాట

నేటి పట్టణాలలో తల్లులను ఎక్కువగా భయపెట్టేది డెంగీ. అందులోనూ నెత్తురు తేడాలు లేకపోలేదు. 1981లో క్యూబా దీవిలో డెంగీ వచ్చి 3,44,000 మందికి పైగా పడినారు. 158 మంది చనిపోగా వారిలో 101 మంది పిల్లలు. అక్కడి నల్లజాతివారిలో తీవ్రరూపం తక్కువగా కనబడినదని ఆ దేశపు వైద్యులు వ్రాసినారు. 2011లో వియత్నాంలో డెంగీ షాకుకు గురి అయిన రెండు వేలమందికి పైగా పిల్లల నెత్తురును పరిశీలించి, రెండు జన్యువుల వద్ద తేడాలు ఆ ప్రమాదంతో ముడిపడి ఉన్నవని చూపినారు. అయితే ఆ తేడా చిన్నది. ఒకసారి ఒకరకం డెంగీ వచ్చినవారికి మరొకసారి వేరొకరకం రావడం అంతకంటె పెద్ద కారణము. క్యూబాలో 1977లో ఒకరకం వచ్చి పోయిన తరువాతనే 1981లో రెండవరకం అంత చేటు చేసినది. కాబట్టి నెత్తురే సర్వమని చేతులు ముడుచుకోరాదు. వేళకు వైద్యం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, ఇవే పిల్లలను నిలబెట్టేవి.

కాకినాడలో ఉన్న దొర

హాల్డేన్ కథ ఇంకా మిగిలినది. ఆయన 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు వచ్చినాడు. ధోవతి, కుర్తా కట్టినాడు. 1961లో భారత పౌరుడైనాడు. ఆయన వద్ద శిష్యుడిగా చేరినవాడు మా కాకినాడ అవతలి పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు. ద్రోణంరాజువారు, మీరాఖాన్‌గారు కలిసి ఆంధ్రదేశంలో మేనరికాలు ఎన్ని జరుగుతున్నవో, వాటి ఫలితాలేమిటో పరిశీలించి 1960లోనూ 1963లోనూ ప్రకటించినారు. ద్రోణంరాజువారు తరువాత అమెరికాలో స్థిరపడి, గురువు జీవితాన్ని గ్రంథస్థం చేసి, మలేరియా జన్యుశాస్త్రంపై కూడా గ్రంథం వెలువరించినారు.

హాల్డేన్ 1962లో భువనేశ్వరు చేరి, 1964 డిసెంబరు 1న అక్కడే కాన్సరుతో పరమపదించినాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వవలెనని కోరినాడు. ఆ కోరిక ప్రకారం ఆయన దేహం చేరినది ఎక్కడికి? కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. మా యానాంకు సుమారు 30 కిలోమీటర్లు. నెత్తురులో మలేరియా వ్రాసిన వ్రాతను మొదట చదివిన మనిషి మా అమ్మమ్మ ఇంటికి అంత దగ్గరకు వచ్చి ఆగినాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆయన చెప్పినదీ ఆమె చెప్పినదీ ఒకటే: వాడి నెత్తురు వేరు.

కలకత్తా, భువనేశ్వరు, కాకినాడ. ఏటేటా సెలవుకు మేము ఇంటికి పోయే దారి కూడా అదే. మా ఊరికి రైలు లేదు గనుక సామర్లకోటలో గానీ కాకినాడలో గానీ దిగి బస్సెక్కుతాము. ఇప్పుడు కాకినాడ దాటినప్పుడల్లా మా అబ్బాయికి ఆ కళాశాల పేరు చెబుతున్నాము.

చివరకు మన కుటుంబాలవారికి మూడు మనవులు. మలేరియాకు మందు వ్రాసేటప్పుడు జి-6-పి-డి పరీక్ష చేయించవలెనా అని డాక్టరును అడగండి. లోపం ఉన్నవారికి వేరే పద్ధతిలో, వారానికొకసారి, డాక్టరు కనుసన్నలలో ఆ మందు ఇచ్చే విధానం ఉన్నది. మందు మొదలుపెట్టిన తరువాత మూత్రం నల్లబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. పరీక్ష కాగితాన్ని రేషను కార్డుతోపాటు పెట్టెలో భద్రపరచండి, బదిలీ అయినా వెంట ఉండవలె. అన్నిటికన్న ముఖ్యం మరొకటి. పిల్లవాడి నెత్తురులో తేడా ఉంటే అది కోడలి తప్పు కాదు, కొడుకు తప్పు కాదు. మన తాతముత్తాతలు దోమతో వేల ఏండ్లు పోరాడి బ్రతికినందుకు మిగిలిన గుర్తు అది. దోమతెర మాత్రం ఏ నెత్తురువారికైనా ఒకటే, దానిని మరువకండి.

ఇందులో దోషాలుంటే విజ్ఞులు మన్నింతురు గాక. అందరి ఇళ్లలో పిల్లలు చల్లగా ఉందురు గాక.